యంత్రవిద్యకు పుస్తకపు తోడు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



పాత మోటారుకార్ల ఆటోమాటిక్ గేరుబాక్సునకు టార్క్ కన్వర్టరును అమర్చు విధమును గూర్చి నేడు మాటలాడ దలచితిని. గ్రంథాలయ సభలో గేరుబాక్సు ప్రసక్తి యేమని కొందరికి తోచవచ్చును. మన కృష్ణా డెల్టా గ్రామములనుండి విజయవాడ ఆటోనగరునకు పని నేర్వబోవు యువకులు ఎందరో కలరు. 1960 దశకమున పటమట చెంత వెలసిన ఆ ఆటోనగరులో లారీలకు బాడీలు కట్టు చేతులకును, ఇంజన్లు విప్పి బిగించు చేతులకును కొదువ లేదు. ఆ చేతులకు పుస్తకము ఎందుకు తోడు కావలెనో ఈ ఒక్క పనిని విప్పి చూపిన తెలియగలదు.

క్లచ్చు తొక్కి గేరు మార్చు బండిలో పలకల ఒరపిడిచే ఇంజను బలము గేరుబాక్సునకు చేరును. కన్వర్టరు గల బండిలో ఆ పని చమురు చేయును. 1905లో హెర్మన్ ఫోటింగర్ అను జర్మన్ ఇంజనీరు దీనిని ఓడలకై కల్పించెను. 1948లో బ్యూక్ కార్లలో డైనాఫ్లో అను పేరను, 1950లో షెవ్రొలే కార్లలో పవర్‌గ్లైడ్ అను పేరను వెలువడిన గేరుబాక్సులలో ఇది అమరియుండెను.

కన్వర్టరు చూచుటకు గుమ్మడికాయవలె నుండు ఉక్కుపాత్ర. లోపల రెక్కలు గల చక్రములు ముఖ్యముగా మూడు. ఇంజనుతో తిరుగు పంపుచక్రము చమురును విసరును. ఆ విసురు తగిలి టర్బైను చక్రము గేరుబాక్సు షాఫ్టును త్రిప్పును. నీటి గుణమెరిగిన మనకు మూడవదాని పని సులభముగా బోధపడును. తిరిగివచ్చు నీరు ఎదురు వచ్చు నీటికి అడ్డుపడిన రెంటి వేగమును చెడును. నడుమ ఏటవాలు గోడ కట్టి మళ్ళించిన రెండును ఒకే దిక్కునకు సాగును. స్టేటరు అను మూడవ చక్రము ఆ గోడ వంటిది. అందువలననే నిలిచిన బండి కదలునపుడు ఇంజను త్రిప్పుబలము సుమారు రెండింతలై షాఫ్టునకు అందును.

ఇక అమర్చు పని. ముందుగా చమురును చల్లార్చు గొట్టములను లోపల శుభ్రముగా కడుగవలెను. పాత లోహపు పొడి అందు మిగిలినచో క్రొత్త కన్వర్టరును చెరచును. ఆయిలుసీలు క్రొత్తది వేసి, దాని అంచునకు చమురు పూయవలెను. కన్వర్టరు మెడపై గీతలున్నచో అవి సీలును కోయును గనుక వ్రేలితో తడవి చూడవలెను. పిమ్మట ఆ గేరుబాక్సునకు నిర్ణయించిన చమురునే కొంత కన్వర్టరులో పోయవలెను.

అటుపిమ్మట కన్వర్టరును షాఫ్టుపై నుంచి, మెల్లగా త్రిప్పుచు లోనికి నెట్టవలెను. టర్బైను షాఫ్టు పళ్ళు, స్టేటరు గొట్టపు పళ్ళు, ఆయిలుపంపును త్రిప్పు కొక్కెములు ఒకటి వెంట నొకటి కలియవలెను. కలిసినప్పుడెల్ల అది కొంచెము లోనికి జారుట చేతికి తెలియును. రెండు కలిసి మూడవది కలియకున్నను కన్వర్టరు సరిగా కూర్చున్నట్లే కనబడును. ఇచటనే పని చెడును. గేరుబాక్సు ముఖముపై తిన్నని బద్ద నుంచి లోతు కొలిచి, మాన్యువల్‌లోని అంకెతో సరిచూచిన గాని ముందునకు పోరాదు.

గేరుబాక్సు ఇంజనుతో చేతి ఒత్తిడికే కలియవలెను. కలియనిచో బోల్టులతో లాగరాదు. లాగిన యెడల ఆయిలుపంపు పగులును. ఇంజనునకు గేరుబాక్సును బిగించిన పిదపకూడ కన్వర్టరు చేతితో త్రిప్పిన సులువుగా తిరుగవలెను. ఇంజను పలకకును దానికిని నడుమ స్వల్పమైన ఎడము మిగులవలెను. పెక్కు గేరుబాక్సులలో ఇది 3 నుండి 5 మిల్లీమీటర్లు. అప్పుడే కన్వర్టరును ముందుకు జరిపి పలకకు బిగింపవలెను.

సోదరులారా! ఈ కొలత మాన్యువల్‌లో ఒక్క పంక్తి మాత్రమే. అది చదువని పనివాడు బలమును నమ్ముకొనును. క్షణములో పంపు పగులును. పాత విదేశపు బండికి ఆ భాగము మన అంగడిలో దొరకుట అరుదు. యజమానికి బండి మూలబడును; కుఱ్ఱవానికి కూలి పోవును, పేరును పోవును. నేర్పులేక కాదు, ఆ పంక్తి వాని భాషలో లేక. చేతితో జారుటను కనిపెట్టు నేర్పు పుస్తకము ఈయలేదు. లోతెంతయో చేయి చెప్పలేదు. రెండును కలిసిననే విద్య.

1914లో బెజవాడలోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. చదువు ఊరూర అందవలెనని ఆ పెద్దలు శ్రమించిరి. పురాణములును నవలలును ఉన్న మన బీరువాల ప్రక్కన తెలుగున వ్రాసిన యంత్రవిద్యా గ్రంథములకు ఒక అర కేటాయింపుడని కార్యవర్గమును కోరుచున్నాను. ఆటోనగరున పనిచేయు మన యువకులారా! పండుగకు ఊరికి వచ్చినపుడు మీరు కొలిచిన కొలతలను, కనిపెట్టిన లోపములను ఒక నోటుపుస్తకమున వ్రాసి ఆ అరలో నుంచుడు. మీ తరువాత పనికి పోవు కుఱ్ఱవానికి అదియే మొదటి మాన్యువల్ కాగలదు.