మూసిన కిటికీల వెనక



ఇవాళ పట్టా పుచ్చుకుంటున్న మీరు ఈ ఎండల్లో ఆ నల్లగౌన్లతో పడుతున్న అవస్థ ఇక్కణ్ణుంచి కనిపిస్తూనే ఉంది. 1787 వేసవిలో ఫిలడెల్ఫియాలో కొందరు పెద్దమనుషులు ఇలాగే ఉక్కపోతలో కూర్చున్నారు. లోపలి మాట బయటికి పొక్కకూడదని కిటికీలు మూయించి, గుమ్మం దగ్గర కాపలా పెట్టుకున్నారు. మే 25 నుంచి సెప్టెంబరు 17 దాకా అదే వరస. అమెరికా రాజ్యాంగం పుట్టింది ఆ గదిలోనే.

నిజానికి వాళ్లను పంపింది కొత్తది రాయమని కాదు, ఉన్నదాన్ని సరిచేయమని. 13 రాష్ట్రాలను కలిపి ఉంచిన పాత ఒప్పందం ప్రకారం కేంద్రానికి పన్ను వేసే అధికారం లేదు. రాష్ట్రాలను అడగాలి, ఇస్తే పుచ్చుకోవాలి. అందులో ఒక్క ముక్క మార్చాలన్నా 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. అంతలో మసాచుసెట్స్‌లో అప్పులూ పన్నులూ మోయలేని రైతులు కోర్టులను జరగనివ్వకుండా అడ్డుకున్నారు. భయం పట్టుకుంటే గానీ పెద్దలు కదలరు కదా! రోడ్ ఐలండ్ అప్పటికీ కదల్లేదు, ఒక్క ప్రతినిధినీ పంపలేదు.

జనాభాను బట్టి సీట్లు కావాలని పెద్ద రాష్ట్రాలు, అందరికీ సమానమని చిన్నవి పట్టుబట్టాయి. రెండు సభలు పెట్టి, ఒకదాంట్లో వీళ్ల మాట, రెండోదాంట్లో వాళ్ల మాట చెల్లించారు. పాఠ్యపుస్తకాలు మెచ్చుకునే రాజీ ఇది. ఇంకొకటి ఉంది. సీట్ల లెక్కకు అయిదుగురు బానిసలను ముగ్గురిగా కట్టారు. బానిస అన్న మాట మాత్రం ఆ పత్రంలో ఎక్కడా పడనివ్వలేదు, ఇతర వ్యక్తులని సరిపెట్టారు. పేరు పెట్టడానికి చెయ్యి రాలేదంటే, చేస్తున్నదేమిటో వాళ్లకు బాగా తెలుసుననే నేను అనుకుంటాను.

వచ్చిన 55 మందిలో సంతకం చేసినవాళ్లు 39. ఆఖరి రోజున 81 ఏళ్ల ప్రతినిధి ఫ్రాంక్లిన్ తన ప్రసంగాన్ని మరొకరి చేత చదివించారు. ఇందులో తనకు నచ్చనివి ఉన్నాయనీ, అయితే తన అభిప్రాయాలే చాలాసార్లు తప్పని తేలడం చూశాననీ, అందుకే ఒప్పుకుంటున్నాననీ దాని సారాంశం. జార్జ్ మేసన్ ఒప్పుకోలేదు. పౌరుల హక్కుల జాబితా ఏదని అడిగి, సంతకం పెట్టకుండానే వెళ్లిపోయారు. (ఆయన ఇంట్లోనూ బానిసలున్నారు. చరిత్ర ఇలాగే ఉంటుంది.) ఆ గదిలో ఓడిపోయిన ఆయన మాటే తర్వాత రాష్ట్రాల చర్చల్లో నెగ్గింది. 1789లో, అదే గదిలో కూర్చున్న మాడిసన్ చొరవతో 12 సవరణలు రాష్ట్రాలకు వెళ్లాయి, 1791 కల్లా 10 ఆమోదం పొందాయి.

మిగిలిన రెండింటిలో ఒకటి ఏమిటంటే, కాంగ్రెస్ సభ్యులు తమ జీతాలు మార్చుకుంటే అది మళ్లీ ఎన్నికలు జరిగాకే అమలు కావాలని. దానికి గడువు పెట్టాలని ఎవరికీ తోచలేదు. 1982లో టెక్సాస్‌లో ఒక కుర్రవాడు, దాదాపు మీ వయసువాడే, ఆ సవరణ ఇంకా బతికే ఉందని కాలేజీకి వ్యాసం రాసిచ్చాడు. సి గ్రేడు వచ్చింది. పట్టుదల కొద్దీ రాష్ట్రాల శాసనసభ్యులకు ఉత్తరాలు రాస్తూ పోయాడు. 1992లో అది 27వ సవరణ అయింది. 2017లో అతను చదివిన విశ్వవిద్యాలయం ఆ గ్రేడును ‘ఏ’గా మార్చింది.

మీ మార్కుల జాబితాల్లో తేడాలుంటే 35 ఏళ్లు ఆగకండి. పరీక్షల విభాగం కింది అంతస్తులోనే ఉంది, సాయంత్రం అయిదింటి దాకా తెరిచే ఉంటుందట.