పాత జేబు రివాల్వర్లు – ఒక గుమాస్తా అనుభవం

(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల సంగతి కార్యదర్శిగారు చెబుతారు. నేను జేబు రివాల్వర్ల గురించి చెబుతాను. నవ్వకండి. కలెక్టరేటులో ఆరేళ్లు ఆయుధ లైసెన్సుల సీటు చూసినవాణ్ణి.

1983లో ఒక పెద్దావిడ వచ్చింది. భర్త పోయి నెల అయింది. "మా మామగారి నాటిది బాబూ" అంటూ గుడ్డసంచిలోంచి ఒక చిన్న రివాల్వరు తీసి నా బల్లమీద పెట్టింది. మా డఫేదారు రెండడుగులు వెనక్కి వేశాడు. పొట్టి గొట్టం, అయిదు తూటాల చక్రం, చిలకముక్కులా వంగిన పిడి. "స్టేషనులో అప్పగించి రసీదు తీసుకోండమ్మా" అన్నాను. రిజిస్టరులో "పాతది, తుప్పు పట్టినది" అని రాసి ఊరుకున్నాను.

గడువులోగా వారసులు లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చనీ, అర్హత ఉన్నవారికి అమ్ముకోవచ్చనీ, గడువు దాటితే సర్కారుకు జప్తవుతుందనీ నేను చెప్పలేదు. 1959 ఆయుధ చట్టం, 21వ సెక్షను. పుస్తకం నా సొరుగులోనే ఉంది. ఆ రివాల్వరు జప్తయింది.

2012లో అమెరికాలో మా అబ్బాయి దగ్గరకు వెళ్లినప్పుడు పాత ఆయుధాల ప్రదర్శనకు తీసుకెళ్లాడు. అచ్చంగా అలాంటిదే అక్కడ అద్దాల పెట్టెలో ఉంది. బ్రిటిష్ బుల్‌డాగ్ అట. బర్మింగ్‌హామ్‌లోని వెబ్లీ వారు 1872లో మొదలుపెట్టిన రకం. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను కాల్చింది ఈ రకంతోనే.

పేరు చెక్కి ఉంటే వెబ్లీదే అనుకోరాదు. బెల్జియంలోనూ అమెరికాలోనూ నకళ్లు కుప్పలుగా చేశారు. గుడ్డు ఆకారపు గీతలో ఇ.ఎల్.జి. అక్షరాలుంటే అది బెల్జియంలోని లీజ్ ముద్ర. వెబ్లీదైతే రెక్కలున్న తూటా గుర్తు కోసం భూతద్దంతో వెతకాలి. అసలుకు, నకలుకు ధరలో చాలా తేడా. పాతదైనంత మాత్రాన అరుదైనది కాదు. కోల్ట్ వారి 1849 జేబు రివాల్వర్లే సుమారు 3,40,000 తయారయ్యాయి. భాగాలమీద నంబర్లు ఒకదానితో ఒకటి కలవాలి, తొలినాటి నీలిపూత మిగిలి ఉండాలి. మనవాళ్లు దసరాకు గరుకు కాగితంతో రుద్ది మెరిపిస్తారు చూడండీ, ముద్రలతోపాటు సగం విలువ అక్కడే పోతుంది.

చట్టం 45వ సెక్షనులో పాత ఆయుధాలకు మినహాయింపు ఉంది. అయితే బాగుచేసినా పేలనిదై ఉండాలి. తుప్పు పట్టిందంటే చాలదు. వందేళ్లు దాటిన పురావస్తువులను మనబోటివాళ్లు విదేశాలకు పంపడానికి 1972 చట్టం ఒప్పుకోదు.

ఆవిడ రివాల్వరు వెబ్లీదో, లీజ్ నకలో! ఆ రోజు ముద్ర ఏమిటో ఒక్క పంక్తి రాసి ఉంటే ఈనాడు తెలిసేది.

మీ ఇళ్లలో, బంధువుల ఇళ్లలో తాతలనాటిది ఏదైనా ఉంటే దాని లైసెన్సు కాగితాలతో నా దగ్గరకు రండి, దరఖాస్తు నేను రాసిపెడతాను. ఆ వస్తువును మాత్రం సంచిలో వేసుకుని తేవద్దు. సెలవు.