పసిబిడ్డల ఎదుగుదల – థైరాయిడ్ మాట

 

మన పెద్దాపురంలో బిడ్డ చిక్కిపోతోందంటే దువా చేయిస్తాం, తావీజు కడతాం. ఇప్పుడు "థైరాయిడేమో" అనడం కూడా వచ్చింది. దాన్ని గురించే మేము నాలుగు ముక్కలు చెప్పదలిచాం.

మెడలో ఉండే ఈ గ్రంథి రసం ఒంట్లో పొయ్యిమంట వంటిది. తిండి చాలని బిడ్డలో శరీరం తానే ఆ మంట తగ్గించుకుంటుంది, ఉన్న కాస్త వంటచెరకూ అయిపోకుండా. అటువంటి పసివాళ్ళలో టి3 బాగా తగ్గుతుందని 1975లోనే ఇంగెన్‌బ్లీక్, బెకర్స్ లాన్సెట్ పత్రికలో రాశారు. అది ఆకలి ఫలితం. మందు తిండే; ఒళ్ళు కోలుకుంటే టి3 కూడా పెరుగుతుంది. తల్లిపాలు రెండేళ్ళని మన ఖురాన్‌లోనే ఉన్నది. ఆరు నెలలు నిండాక మెత్తని పప్పన్నం, నెయ్యి, గుడ్డు కూడా పెట్టాలి. ఉత్త గంజినీళ్ళు తిండి కాదు సుమండీ! పాదాలు ఉబ్బితే మాత్రం ఆసుపత్రికే.

పుట్టుకతోనే గ్రంథి పనిచేయని బిడ్డ సంగతి వేరు. చూడ్డానికి బొద్దుగానే ఉండవచ్చు. ఎప్పుడూ నిద్ర, పాలు సరిగా తాగదు, కామెర్లు త్వరగా తగ్గవు. "ఎంత బుద్ధిమంతురాలో, ఏడవనే ఏడవదు" అని మురిసిపోతాం! ఈ బిడ్డకు మాత్రే దిక్కు. రెండు వారాల లోపల మొదలుపెట్టాలి. ఆలస్యమైతే మెదడుకు జరిగిన నష్టం ఎంత తినిపించినా పూడదు. మడమ నుంచి తీసే రక్తపు చుక్కతో సంగతి తెలుస్తుంది. కాన్పయిన చోటే, ఇంటికి వచ్చేముందే అడగండి: "డాక్టరుగారూ, మా బిడ్డకు టిఎస్‌హెచ్ చూశారా?"