ఒకే వాపు, పెక్కు వ్యాధులు



ఉదయము లేచునప్పటికి కనురెప్పలు ఉబ్బుట, సాయంకాలమునకు కాళ్లకు నీరు దిగుట, మూత్రము నురుగు కట్టుట: ఈ మూడును కలిసి కనిపించినచో మూత్రపిండములను శంకింపవలెను. ఇట్టి రోగుల మూత్రమును కాచినచో గ్రుడ్డులోని తెల్లసొనవలె గడ్డకట్టుననియు, దీనికి మూలము మూత్రపిండముల వ్యాధియే యనియు లండనులోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ 1827లో వెల్లడించెను.

ప్రతి మూత్రపిండమునందును సుమారు 10 లక్షల సూక్ష్మమైన జల్లెడలు కలవు. అవి చెడినచో రక్తమున నిలువవలసిన మాంసకృత్తు దినమునకు 3.5 గ్రాములకు మించి మూత్రమున పోవును, ఒడలు వాచును. దీనినే నెఫ్రోటిక్ సిండ్రోమ్ అందురు.

పిల్లలలో పెక్కుమందికి ఇది స్టెరాయిడు మందుతో నాలుగు వారములలో లొంగును. పెద్దలలో వాపు ఒకటే యైనను లోపలి వ్యాధులు వేరువేరు. అందుచే సూదితో మూత్రపిండమునుండి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినితో పరీక్షింతురు. జల్లెడలలో మార్పు అత్యల్పమైనచో నూటికి 80 మందికి పైగా స్టెరాయిడుతో కోలుకొందురు. అయితే అందుకు 16 వారములు కూడ పట్టవచ్చును. నెల దినములకే విసిగి మందు మానుట పొట్టకు వచ్చిన పైరును విడిచిపెట్టుట వంటిది. జల్లెడలు మచ్చకట్టినచో మందునకు లొంగువారు తక్కువ. జల్లెడపొర దళసరియైనచో స్టెరాయిడు ఒక్కటే ఫలింపదు. వారిలో సుమారు మూడవవంతు మందికి వ్యాధి తనంతట నెమ్మదించును. 1970లో బ్రిటనులో 125 మంది పెద్దలపై ప్రకటింపబడిన పరిశోధనయు మందు ఫలము లోపలి వ్యాధినిబట్టి మారునని చూపినది.

మూత్రమున మాంసకృత్తు పోవుట పూర్తిగా ఆగినవారి మూత్రపిండములు సాధారణముగా ఏండ్ల తరబడి చక్కగా పనిచేయును. వ్యాధి తిరుగబెట్టినను పెక్కుమందికి మరల మందు పనిచేయును. ఎంతకును ఆగనివారిలో కొందరికి అవి క్రమముగా క్షీణించి డయాలిసిస్ అవసరమగును. నీరు తీయు మాత్ర వాపును దింపునే గాని మూలవ్యాధిని మాన్పదు. కావున వాపు తగ్గినంత మాత్రమున వ్యాధి తగ్గినదని తలపరాదు.

స్టెరాయిడు మేలు చేయు మందే యైనను రక్తములో చక్కెరను, రక్తపోటును పెంచును, ఎముకలను బలహీనపరచును, అంటురోగములకు లోనుచేయును. చాలకాలము వాడి హఠాత్తుగా మానుట ప్రాణాపాయము. వైద్యుడు చెప్పిన క్రమముననే తగ్గింపవలెను.

గ్రంథాలయమున పుస్తకము తీసికొన్న తేదీ వ్రాయునట్లే, రోగి తన మూత్రపరీక్ష ఫలితమును, మందు మోతాదును, బరువును తేదీలవారీగా ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. మరల వ్యాధి తలయెత్తినచో, వాపు కనబడుటకు ముందే ఆ పుస్తకము తెలుపగలదు.