బడి గేటు బయట రెండు మీటర్లు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

నాది 1985 పదో తరగతి బ్యాచి. ముప్ఫై ఏళ్ళుగా రోడ్ల డిజైను పనిలో ఉన్నాను. కార్యదర్శిగారు ఫోన్ చేసి, "జ్ఞాపకాలు అందరూ చెబుతారు, నువ్వు బడికి పనికొచ్చేది ఏదైనా మాట్లాడు" అన్నారు. అందుకని మన బడి గేటు బయట ఉన్న రోడ్డు గురించి మాట్లాడతాను.

బడి దగ్గర్నుంచి బస్టాండు దాకా ఆ రోడ్డు వెడల్పు చేయబోతున్నారని మీకు తెలుసు. అందులో సైకిళ్ళకు విడిగా దారి వదలమని మన సంఘం తరఫున అర్జీ పెట్టాలా వద్దా అన్నది కొన్నాళ్ళుగా మనలో మనకు నడుస్తున్న వాదన. కావాలనేవాళ్ళూ మనవాళ్ళే, వద్దనేవాళ్ళూ మనవాళ్ళే. వద్దనేవాళ్ళలో ఆ రోడ్డు మీద కొట్లున్న నా తరగతి మిత్రులు కూడా ఉన్నారు. వాళ్ళ అభ్యంతరాలను ఒక్కొక్కటిగా తీసుకుని, నాకు తెలిసినంతలో జవాబు చెబుతాను.

మొదటిది: "ఈ రోజుల్లో సైకిలు తొక్కేవాడెవడు?" మొన్న ఒక మిత్రుడు పొద్దున గంటసేపు గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టాడు. వందకు కాస్త పైన సైకిళ్ళు వెళ్ళాయట. "ఇంతమాత్రానికి ఒక దారా?" అన్నాడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సైకిలు దారుల మీద 1962లోనే ఒక ప్రమాణం రాసింది. ఐఆర్‌సీ 11 అంటారు. మోటారు వాహనాలు గంటకు 100 నుంచి 200 దాకా వెళ్ళే రోడ్డు మీద, రద్దీ వేళ గంటకు 400 సైకిళ్ళుంటే విడిగా దారి వేయవచ్చంది. మోటారు వాహనాలు 200 దాటితే మాత్రం 100 సైకిళ్ళున్నా చాలంది. దారి వెడల్పు రెండు మీటర్లకు తగ్గకూడదంది. మన రోడ్డు మీద 200 మోటారు బళ్ళు ఎంతసేపట్లో వెళతాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. మా మిత్రుడు వద్దనడానికి తెచ్చిన లెక్క, అరవై ఏళ్ళ కిందటి ప్రమాణం ప్రకారమే అవుననడానికి సరిపోయింది.

ఆ ప్రమాణం రాసిన ఇంజనీర్ల ఆలోచన గమనించండి. మోటార్లు పెరిగేకొద్దీ సైకిళ్ళ సంఖ్య తక్కువున్నా విడి దారి అవసరమన్నారు. ఎందుకంటే మోటార్లు పెరిగితే సైకిళ్ళు భయపడి తగ్గుతాయి. అప్పుడు వాటి సంఖ్య చూసి అవసరం లేదనుకోవడం, నీళ్ళు రాని కుళాయి దగ్గర బిందెలు లేవు కాబట్టి వీధిలో ఎవరికీ దాహం లేదనుకోవడంలాంటిది.

ఈ పొద్దున పిల్లల్ని అడిగాను. ఇంట్లో సైకిలు ఉన్నవాళ్ళు చేతులెత్తండి అంటే సగానికి పైగా లేచాయి. దాని మీద బడికి వచ్చేవాళ్ళు అంటే పది పన్నెండు చేతులే మిగిలాయి. తొమ్మిదో తరగతి అమ్మాయిని ఎందుకమ్మా అంటే, "బస్టాండు మలుపులో లారీలొస్తాయి సార్, నాన్న వద్దన్నాడు" అంది. ఆ నాన్నను తప్పు పట్టలేం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో నడిచి వెళ్ళేవాళ్ళు 32 వేలకు పైన, సైకిలు మీద వెళ్ళేవాళ్ళు 4,800 పైన.

సైకిలు పాతకాలపు సంగతి అనుకునేవారికి మరొక లెక్క. 2011 జనాభా లెక్కల్లో, వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాకుండా ఇతర పనులకు వెళ్ళేవాళ్ళను ఎలా వెళుతున్నారని అడిగారు. నూటికి 13 మంది సైకిలు మీద వెళుతున్నామన్నారు. మోటారు సైకిలు, స్కూటరు వాళ్ళు అంతకంటే ఒక పిసరు తక్కువే. కార్లలో వెళ్ళేవాళ్ళు నూటికి ముగ్గురు కూడా లేరు. ఆ తర్వాత మోటారు సైకిళ్ళు బాగా పెరిగిన మాట నిజమే. అయినా తెల్లవారకముందే పాలు, పేపరు వేసే కుర్రాళ్ళు, తాపీ మేస్త్రీలు, కాపలాదారులు ఇప్పటికీ సైకిళ్ళ మీదే ఉన్నారు. రోడ్ల గురించి జరిగే సమావేశాలకు వాళ్ళు రారు. వచ్చేది మనం, మన బళ్ళలో.

రెండోది: "బళ్ళకే చోటు లేదు, సైకిళ్ళకెక్కడిది?" రోడ్డు వెడల్పు చేశాక 18 మీటర్లు ఉంటుందంటున్నారు. లెక్క వేద్దాం. రాను ఒక వరుస, పోను ఒక వరుస, మూడున్నర చొప్పున ఏడు మీటర్లు. రెండు వైపులా సైకిలు దారి రెండేసి మీటర్లు, మొత్తం నాలుగు. కాలిబాటలు 1.8 చొప్పున 3.6. మురుగు కాలువ కాలిబాట కిందే, పైన పలకలు. సైకిలు దారికీ బళ్ళ దారికీ నడుమ అర మీటరు గట్టు, రెండు వైపులా కలిపి ఒక మీటరు. అంతా కూడితే 15.6. ఇంకా 2.4 మీటర్లు మిగిలింది. అది ఆటోలు ఆగడానికి, కొట్ల ముందు సరుకు దించడానికి. ఒకచోట ఈ పక్క, ఒకచోట ఆ పక్క ఇవ్వవచ్చు. అంటే చోటు ఉంది. పోయేదల్లా రోడ్డు పొడవునా రోజంతా నిలబెట్టే కార్లకు ఇస్తున్న చోటు. ఒక కారు నిలపడానికి రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు కావాలి. అంత జాగాలో ఎనిమిది, పది సైకిళ్ళు పడతాయి.

మూడోది కొట్లవాళ్ళ అభ్యంతరం. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు, అది వాళ్ళ అన్నం. "కారు ఆపే చోటు పోతే బేరం పోతుంది" అంటారు. కెనడాలో టొరంటో నగరంలో బ్లూర్ అనే వీధి మీద ఇదే గొడవ జరిగింది. 2009లో అక్కడొక భాగంలో సర్వే చేస్తే, కొనడానికి వచ్చేవాళ్ళలో నూటికి పదిమంది మాత్రమే కార్లలో వస్తున్నారని తేలింది. కొట్లవాళ్ళు అంతకంటే చాలా ఎక్కువమంది అనుకుంటున్నారు. 2016లో ప్రయోగంగా సైకిలు దారి వేసి మళ్ళీ చూస్తే, వచ్చేవాళ్ళూ తగ్గలేదు, పెట్టే ఖర్చూ తగ్గలేదు, పెరిగాయి. అయినా వాదన ఆగలేదు. 2024లో ఆ రాష్ట్ర ప్రభుత్వం ఆ వీధితో పాటు మరికొన్ని వీధుల్లో సైకిలు దారులు తీసేయడానికి చట్టమే చేసింది. 2025 జులైలో కోర్టు, అలా తీసేయడం ప్రాణ రక్షణ హక్కుకు విరుద్ధమంది. ప్రభుత్వం అప్పీలుకు వెళతానంది. ఇంత దూరం ఎందుకు చెప్పానంటే, డబ్బున్న దేశాల్లో కూడా ఇది సులువుగా తెగే తగువు కాదు. మన కొట్ల మిత్రులు మొండివాళ్ళేమీ కాదు. వాళ్ళకు లెక్క చూపించాలి, అంతే.

నాలుగోది ఎండ. స్పెయిన్‌లో సెవిల్ అనే నగరం ఉంది. వేసవిలో 40 డిగ్రీలు దాటడం అక్కడ మామూలు. ఈ శతాబ్దం మొదట్లో అక్కడి ప్రయాణాల్లో సైకిలు వాటా అర శాతం. 2006, 2007 ఆ ప్రాంతాల్లో 80 కిలోమీటర్ల మేర, గట్టుతో వేరుచేసిన సైకిలు దారులు ఒకదానితో ఒకటి కలిసేట్టు ఒకేసారి వేశారు. కొన్నేళ్ళలోనే రోజూ సైకిలు ఎక్కేవాళ్ళు పది రెట్లు పెరిగారు. ఎండ మారలేదు, మనుషులు మారలేదు, దారి మారింది. మనకు బడివేళలు ఎలాగూ పొద్దున, సాయంత్రం. దారి వెంట వేప, కానుగ నాటితే చాలు.

అయిదోది నాకు చాలా గట్టి అభ్యంతరంగా కనిపించేది: "కట్టినా నిలవదు, మోటారు సైకిళ్ళు దూరతాయి, బండ్లు పెడతారు." ఇది నిజం. ఢిల్లీలో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్లు బస్సులకు విడి దారి, దాని పక్కన సైకిళ్ళకు విడి దారి వేసి 2008లో తెరిచారు. కార్లవాళ్ళు కోర్టుకెళ్ళారు, ఓడిపోయారు. సైకిలు దారిలో మోటారు సైకిళ్ళు దూరాయి. 2016లో మొత్తం కూల్చేశారు. హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరిచారు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన 16 మెగావాట్ల సోలార్ పలకల కప్పు. ఇంజనీరుగా నాకది ముచ్చటేసింది. అయితే అది రింగ్ రోడ్డు వెంబడి పోయే దారి. పొద్దుటి వ్యాయామానికి బాగుంటుంది. ఊరి నడిమధ్య ఇంటి నుంచి బడికి, బడి నుంచి బజారుకు పోయే పిల్లవాడికి అది అక్కరకు రాదు.

నెదర్లాండ్స్‌కు సైకిళ్ళు తాతల నాటి నుంచీ ఉన్నాయనుకుంటాం. అక్కడా 1950 తర్వాత కార్లు పెరిగి సైకిళ్ళు తగ్గాయి. 1971లో రోడ్ల మీద 3,300 మంది చనిపోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలు. కూతుర్ని పోగొట్టుకున్న ఒక పాత్రికేయుడు పిల్లల చావులు ఆపండంటూ పత్రికలో రాశాడు. తల్లిదండ్రులు పిల్లల్తో కలిసి రోడ్ల మీద కూర్చున్నారు. మొదట టిల్బర్గ్, హేగ్ నగరాల్లో ఒక్కొక్క మంచి సైకిలు దారి వేసి చూశారు. అనుకున్నంత మంది రాలేదు. తర్వాత డెల్ఫ్ట్ అనే ఊళ్ళో ఊరంతా కలిసేలా దారుల అల్లిక వేశారు. అప్పుడు వచ్చారు. ఇప్పుడు ఆ దేశంలో రోడ్డు మరణాలు ఏడాదికి 700 అటూఇటూ. ఆ తగ్గుదల అంతా సైకిలు దారుల వల్లనే కాదు. సీటు బెల్టు, వేగం అదుపు, మంచి కూడళ్ళు, అన్నీ కలిసి చేసిన పని అది.

కాబట్టి నేను చెప్పేదిది. తెగిపోయే సైకిలు దారి వేయడం కంటే వేయకపోవడమే నయం. రంగు గీత గీసి వదిలేస్తే అది రెండు నెలల్లో పార్కింగ్ అవుతుంది. వేస్తే మూడు ఉండాలి. ఒకటి, మోటారు బండి ఎక్కలేని గట్టు. రెండు, బస్టాండు మలుపులో దారి మాయం కాకుండా అవతలిదాకా సాగడం, ఎందుకంటే ఎక్కువ ప్రమాదం కూడళ్ళలోనే. మూడు, ఈ రోడ్డు దగ్గరే ఆగకుండా పిల్లలొచ్చే వీధులతో కలపడం.

చివరగా ఆడపిల్లల మాట. బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతిలో చేరిన అమ్మాయిలకు సైకిళ్ళిచ్చారు. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాన్ని పరిశీలించి, హైస్కూల్లో అమ్మాయిల చేరిక 32 శాతం పెరిగిందని చూపించారు. మన దగ్గరా ప్రభుత్వాలు ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చాయి. సైకిలిచ్చి దారి ఇవ్వకపోతే అది ఇంటి వసారాలో తుప్పు పడుతుంది.

నా సూచన ఇది. ముందుగా ఒక విద్యా సంవత్సరం పాటు సిమెంటు దిమ్మెలు పెట్టి ప్రయోగంగా చేయమని అర్జీలో అడుగుదాం. మొదలుపెట్టే ముందు, తర్వాత, సైకిళ్ళెన్ని, కొట్లకు వచ్చేవాళ్ళెంతమంది, ఎలా వచ్చారు అన్నవి మన లెక్కల మాస్టారి అజమాయిషీలో పిల్లలే లెక్కపెడతారు. కొట్ల మిత్రులు ఆ లెక్క పక్కన నిలబడి సరిచూడాలి. ఏడాది తర్వాత బేరం తగ్గిందని తేలితే, దిమ్మెలు తీసేయమని అడిగే అర్జీ మీద మొదటి సంతకం నాదే.

అర్జీ ముసాయిదా, 18 మీటర్ల రోడ్డు కొలతల పటం కార్యదర్శిగారి దగ్గర ఉన్నాయి. రేపు పదిగంటలకు సర్వసభ్య సమావేశం. చదివి, దిద్దవలసింది దిద్ది, నచ్చితే సంతకం పెట్టండి.