ఎనిమిదో యూనిట్: మన కళాశాలలూ కొల్లేటి నీళ్లూ
(కట్టమంచి రామలింగారెడ్డి స్మారకోపన్యాస పాఠం)



కట్టమంచి రామలింగారెడ్డిగారిని ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి ఉపకులపతిగా, ‘కవిత్వతత్త్వ విచారము’ రాసిన విమర్శకులుగా తలచుకుంటాం. ఆయన మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుకునే రోజుల్లో రాసిన కావ్యం ‘ముసలమ్మ మరణము’. బుక్కరాయసముద్రం చెరువుకట్ట తెగబోతుంటే ఊరి కోసం ప్రాణమిచ్చిన కోడలి కథ అది. ఆయన పేరు మోస్తున్న కళాశాల 1945 నుంచీ నడుస్తున్న ఈ ఏలూరులో, ఆయన స్మృతిలో కొల్లేరు గురించి మాట్లాడటం సబబే అనుకుంటున్నాను. నేను చెప్పదలచింది ఒక్కటే. మన కళాశాలలు పర్యావరణాన్ని పాఠం చేసుకున్నాయి గాని, పక్కనున్న నీటికి పూచీ పడలేదు.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అందులోకి దిగుతాయి. మిగులు నీరు ఉప్పుటేరు మీదుగా సముద్రం చేరుతుంది. తమ్మిలేరు ఏలూరు దగ్గర రెండు పాయలై ఊరిని చుట్టి సరస్సుకు పోతుంది. కాబట్టి ఈ ఊళ్లో కాలేజీ హాస్టలు వంటింట్లో కడిగిన గిన్నెల నీళ్లకైనా, రసాయనశాల తొట్టిలో ఒంపిన ఆమ్లానికైనా చివరి మజిలీ కొల్లేరే.

ఇక చరిత్ర. 1976లో 42వ సవరణ ద్వారా పర్యావరణ రక్షణ రాజ్యాంగంలో చేరింది. అడవుల్ని, సరస్సుల్ని, నదుల్ని కాపాడటం ప్రతి పౌరుడికీ విధి అయింది. సరిగ్గా ఆ ఏళ్లలోనే ప్రభుత్వం సహకార సంఘాల పేర కొల్లేటిలో చేపల చెరువులు తవ్వించింది. లంక గ్రామాల పేదలకు బతుకుతెరువు చూపాలన్నది ఉద్దేశం. తరవాత బయటి పెట్టుబడి దిగింది. గట్టు పక్కన గట్టు లేచింది. కొర్రమీను, వాలుగ, ఇంగిలాయి తిరిగిన చోట బొచ్చె, శీలావతి పెంచారు. తవుడూ కోళ్ల ఎరువూ నీళ్లలో పడ్డాయి. కిక్కిస పొదలు పోయి గుర్రపుడెక్క పరచుకుంది.

విద్యావంతులు చూడలేదని కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రవేత్త శేషావతారంగారూ సహచరులూ కొల్లేటి వృక్షసంపద మీద రాసిన పత్రం 1982 నాటి భారత వృక్ష సర్వే బులెటిన్‌లో ఉంది. పరిశోధన జరిగింది. అది తరగతి గదిలోకి, ప్రాంగణం అలవాట్లలోకి దిగిరాలేదు.

1990లో ఫ్రాన్స్‌లోని తాల్వార్‌లో కొందరు విశ్వవిద్యాలయాధిపతులు సమావేశమై, పర్యావరణ బాధ్యత బోధనలోనే కాక సంస్థ నిర్వహణలోనూ ఉండాలని ప్రకటన చేశారు. మన దేశంలో ఆ పని కోర్టు మెట్లెక్కింది. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు పర్యావరణ విద్యను తప్పనిసరి చేయమంది. పన్నెండేళ్లు గడిచి, 2003లో కోర్టు మళ్లీ గట్టిగా అడిగితేగాని డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల పాఠ్యక్రమం అమలుకు రాలేదు.

ఈలోగా కొల్లేరు కాగితాల మీద రెండు గౌరవాలు అందుకుంది. 1999లో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అయింది. 2002లో 901 చదరపు కిలోమీటర్ల మేర రామ్‌సర్ చిత్తడినేలల జాబితాకెక్కింది. 2006లో మళ్లీ సుప్రీంకోర్టు దాకా వెళితేనే చెరువు గట్లు కూలాయి. ఆ చెరువుల రాబడితో ఫీజులు కట్టి చదివినవారు ఈ సభలోనూ ఉండి ఉంటారు. వారిని నేను దోషులనను. వారికి నీటి లెక్క నేర్పని చదువునే దోషి అంటాను.

కోర్టు అమలు చేయించిన ఆ పర్యావరణ పాఠ్యక్రమంలో ఎనిమిది యూనిట్లుండేవి. ఏడు పుస్తకంలో చదివేవి. ఎనిమిదోది బయటికి వెళ్లి చేసేది: దగ్గరలోని నదినో అడవినో చూసి నమోదు చేయాలి, కలుషితమైన ఒక స్థలానికి వెళ్లాలి. వంద మార్కుల్లో పాతిక దానివే. ఏలూరు విద్యార్థికి ఆ రెండూ నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నాయి. అయినా చాలాచోట్ల ఆ యూనిట్ గైడులోంచి ఎత్తిరాసిన రికార్డుగా మిగిలింది. కళాశాలలకు గ్రేడులిచ్చే న్యాక్ 2017లో మార్చిన మూల్యాంకనం ఏడో ప్రమాణంలో ఇంధనం, వ్యర్థాలు, వాననీటి సంరక్షణ గురించి అడిగింది. అప్పటినుంచీ మొక్కలు నాటిన ఫొటోలకు ఫైళ్లు తయారయ్యాయి. ఫైలు నిండినంత మాత్రాన కాలువ శుభ్రపడదు.

ఫైళ్లతో ఆగకుండా చేసి చూపడానికి పొరుగునున్న తాడేపల్లిగూడెం ప్రాంతం మనకు ఒక అవకాశం ఇచ్చింది. 2007లో వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, 2015లో తాడేపల్లిగూడెంలో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వచ్చాయి. మెట్టా డెల్టా కలిసే చోటది. కొత్తగా కట్టుకునే ప్రాంగణానికి పాతవాటికి లేని వీలుంటుంది. వాననీటి దారినీ మురుగు దారినీ ప్లానులోనే వేరుచేసుకోవచ్చు, వాడిన నీటిని శుద్ధిచేసి తోటలకు మళ్లించుకోవచ్చు.

2020 డిసెంబరు మనకెవరికీ మరపు రాదు. ఈ ఏలూరులో ఆరువందల మందికి పైగా మూర్ఛలతో ఆస్పత్రి పాలయ్యారు. నమూనాలు ఢిల్లీకి, నాగపూర్‌కి, హైదరాబాద్‌కి వెళ్లాయి. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ చెప్పింది. పురుగుమందుల అవశేషాల మీద మరికొందరు అనుమానపడ్డారు. సీసాన్ని పట్టే యంత్రం డిగ్రీ కాలేజీకి ఉండకపోవచ్చు. కాని అంతకుముందు నెలల్లో మన కుళాయిలోనూ కాలువలోనూ నీరెలా ఉందో రాసిన రిజిస్టరు ప్రతి కాలేజీలో ఉండి ఉంటే, ఎప్పుడు ఏం మారిందో వెతకడానికి ఒక ఆధారం దొరికేది.

ఆ రిజిస్టరుకు పెద్ద ఖర్చు లేదు. బీఎస్సీ ప్రాక్టికల్సులో నీళ్లలో కరిగిన ప్రాణవాయువును కొలిచే వింక్లర్ పద్ధతి ఉంటుంది. గాలిబుడగ చొరకుండా సీసా నింపి, మాంగనస్ సల్ఫేటు, తరవాత క్షార అయొడైడు వేస్తాం. అడుగున చేరే మడ్డి గోధుమరంగుకు తిరిగితే నీళ్లలో ప్రాణవాయువు ఉన్నట్టు. తెల్లగానే ఉండిపోతే చేప బతకదు. ఆమ్లం వేసి, పిండిద్రావణం చేర్చి, నీలిరంగు పోయేదాకా హైపో (సోడియం థయోసల్ఫేటు) చుక్కలు వదిలితే లెక్క తేలుతుంది. పిల్లలు ఏటా చేసేదే. ఆ సీసాలో కుళాయి నీటికి బదులు తమ్మిలేరు నీరు పోయమంటున్నాను.

ప్రిన్సిపాళ్లకు నా విన్నపం ఇది. ప్రతి నెలా మూడు చోట్ల నీరు తీయించండి: మీ బోరు లేదా కుళాయి, మీ ప్రహరీ దాటే మురుగు, ఊరు దాటాక తమ్మిలేరు. తాడేపల్లిగూడెం వారు తమ కాలువ ఎంచుకోవచ్చు. ఫలితాలు గేటు దగ్గర బోర్డు మీద రాయించండి, మునిసిపాలిటీకి ఒక ప్రతి పంపండి. పర్యావరణ పాఠంలో ఎనిమిదో యూనిట్ లాంటి క్షేత్రపని మార్కులు ఆ పనికే వేయండి. మీ మురుగు లెక్క తప్పితే ముందు దాన్ని సరిచేసుకోండి, ఆ తరవాతే చేపల చెరువుల వారికి నీతులు చెప్పండి. విద్యార్థులారా, మీ కాలేజీ ఈ రిజిస్టరు తెరవకపోతే మీరే అడిగి తెరిపించండి.