అనాథ బాలల గృహము – శాశ్వతనిధి
(మహాసభయందు ఉపసంఘము పక్షమునఁ గావించిన ఉపన్యాసము)



అనాథ బాలలకొక గృహమును నిర్మించి నడపుటకై ధర్మసంస్థను స్థాపింపవలయునని మన సంఘమువారు సంకల్పించిరి. అందులకు నియమింపఁబడిన ఉపసంఘము పక్షమున మేము రెండు విషయములు విన్నవించుకొనుచున్నాము.

మొదటిది ధనమును గూర్చినది. సత్రములకును కల్యాణమండపములకును గదులు కట్టించిన దాతలు మనలోఁ బెక్కండ్రు గలరు. గది కట్టించినచో పాలరాతి పలకపైఁ బేరు నిలుచును. వంటమనిషి జీతమునకుఁ బలక లేదు; రాత్రివేళ జ్వరము వచ్చిన బిడ్డను ఆసుపత్రికిఁ గొనిపోవు బండి కిరాయికిని లేదు. గృహము నడచునది మాత్రము వీనివలననే. తిండి, బట్ట, చదువు, జీతములు కలిపి తలకు నెలకు 6,000 రూపాయలని మేమంచనా వేసితిమి. ఇరువదిమందికి సంవత్సరమునకు 14 లక్షల 40 వేలగును. నూటికి 6 చొప్పున వడ్డీ వచ్చుననుకొన్నను, 2 కోట్ల 40 లక్షల మూలధనము నిలువయుండవలెను. ధరలు పెరుగుచుండును గనుక వడ్డీలోఁ గొంత మరల మూలధనమునఁ జేర్చక తప్పదు. కావున ముందు నిధి, పిదప భవనము. అంతవరకు అద్దెయింట పదిమందితో నారంభింతము.

శ్రీ కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ యాస్తిని హితకారిణీ సమాజమునకు ధారపోసి 1919లో కీర్తిశేషులైరి. ఆ సమాజము పేర వెలసిన విద్యాలయములు రాజమహేంద్రవరమున నేఁటికిని గలవు. వ్యక్తి గతించినను ధర్మము నడచుటకు ఆస్తి యాధారమగునని యిందువలనఁ దెలియుచున్నది.

రెండవ విషయము కొందఱకు రుచింపకపోవచ్చును. మన కులము బిడ్డలకే చోటీయవలెనని మిత్రులు కొందఱు పట్టుపట్టుచున్నారు. వెనుక మన పెద్దలు కులమువారి విద్యార్థులకు వసతిగృహములు కట్టిరి, అది వేఱు. ఆ విద్యార్థికిఁ దల్లిదండ్రులు గలరు, తన కులము తాను చెప్పుకొనఁగలఁడు. బస్సుస్టాండులో దొరకిన మూఁడేండ్ల బిడ్డను నీ కులమేదని యడిగిన నేమి చెప్పును? 2015 నాఁటి బాలల న్యాయ చట్టము ప్రకారము గృహమును రిజిస్టరు చేయింపవలెను. దొరకిన బిడ్డను 24 గంటలలో జిల్లా బాలల సంక్షేమ సమితి యెదుట నుంచవలెను. ఆ సమితి పంపిన బిడ్డ మన బిడ్డ. చట్టము లేకున్నను మా మాట యిదియే.

పేదఱికము తప్ప వేఱు కారణము లేక తల్లినుండి బిడ్డను వేఱుచేసి గృహమున నుంచుట మాకు సమ్మతము గాదు. అట్టి తల్లికే నెలనెలా కొంత యిచ్చుట మేలు. పదునెనిమిదేండ్లు నిండిన నాఁడే పెట్టెతో వీథిలోనికిఁ బంపుటయుఁ గూడదు. ఇరువదియొకటవ యేఁటివఱకు తోడ్పడుటకుఁ జట్టమునఁ జోటున్నది. మన ధర్మపత్రమునను ఆ మాట వ్రాయవలెను. పుట్టినదినమున మిఠాయి పంచు పుణ్యాత్ములకొక మనవి: పంచుఁడు, కాని బిడ్డలతోఁ దీయించుకొన్న ఛాయాపటములను పత్రికల కెక్కింపకుఁడు. ఆ బిడ్డలు రేపు బడికిఁ బోవలసినవారు.

ఈ విషయములతోఁ గూడిన తీర్మానమును సభవారి యెదుట నుంచుచున్నాము. చందాల పుస్తకము భోజనశాల ద్వారమువద్ద గుమాస్తాయొద్ద నున్నది. పేరు వ్రాయించువారు "గదికి" అని గాక "శాశ్వతనిధికి" అని వ్రాయింపఁ బ్రార్థించుచున్నాము.